‘గుర్తించదగిన’ వ్యక్తి: ఈ ‘దగు’ ఏ దగు?

అరసున్న: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టం, సెక్షన్ 2(టి), ‘వ్యక్తిగత డేటా’ నిర్వచనం. ‘ఆ డేటా వల్ల గానీ, దానికి సంబంధించి గానీ గుర్తించదగిన వ్యక్తి గురించిన...’ తెలుగులో ఇంచుమించు ఇలాగే చదివాను. ‘గుర్తించదగిన’ అనే ఉందా, ‘గుర్తించగల’ అనా?

బండి ఱ: ‘గుర్తించగల వ్యక్తి’ అంటే దొంగను ఆనవాలు పట్టే సాక్షి. కర్మ కాస్తా కర్తయి కూర్చుంటుంది. ‘దగిన’ అనే ఉండాలి.

యడాగమం: తగు అర్హతకండీ, శక్యానికి కాదు. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అంటే చెవిన పడుతుందనా? ఆ లెక్కన గుర్తించదగిన వ్యక్తికి శాలువా కప్పాలి.

బండి ఱ: మరి తినదగిన పుట్టగొడుగు? తిని తీరాలని కాదుగా, తింటే ప్రమాదం లేదని.

నుగాగమం: వాడుకలో పెట్టి చూడండి. ఆసుపత్రి జాబితాలో పేరు కొట్టేసి ఊరు, వయసు, జబ్బు ఉంచారు. మూడు వందల గడపల ఊళ్ళో 81 ఏళ్ళ డయాలసిస్ రోగి ఎవరో కిళ్ళీకొట్టులో అడిగినా చెప్తారు. పేరు లేకున్నా అది వ్యక్తిగత డేటాయే. ఫోన్ నంబర్లు హ్యాష్ చేశాం, అంటే ఒక లెక్కతో వెనక్కి తిప్పలేని గుర్తులుగా మార్చాం, ఇక భయం లేదంటారు కొందరు. మన మొబైల్ నంబరు 10 అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. వెరసి 400 కోట్లు. రహస్య కీ కలపకపోతే అన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చడం మామూలు కంప్యూటరుకీ పెద్ద పని కాదు. ఆ నంబరు నుంచి లెక్కగట్టడానికి వీల్లేని సంకేతం ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పే పట్టికను వేరేచోట దాచాలి. అయినా పట్టిక చేతిలో ఉన్నవారికి అది వ్యక్తిగత డేటాయే.

అరసున్న: అయితే ఎవరికి గుర్తించదగిన? నిర్వచనంలో ఆ కర్త లేడే!

యడాగమం: ఐరోపా న్యాయస్థానం 2016లో ఇచ్చిన బ్రేయర్ తీర్పు నలిగింది అక్కడే. మారుతుండే ఐపీ అడ్రసు (నెట్‌లో మన పరికరానికి ఇచ్చే నంబరు) వెబ్‌సైటు నడిపేవారికి ఒట్టి అంకెలు. ఇంటర్నెట్ కంపెనీ దగ్గరున్న వివరాలు చట్టప్రకారం రాబట్టే దారి ఉంటే మాత్రం వారి చేతిలోనూ వ్యక్తిగత డేటాయే. చూసింది శక్యాన్నే. అందుకే ‘గుర్తింపుకు అందే వ్యక్తి’ అంటాను.

బండి ఱ: అందడానికి అటక మీద ఉన్నాడా? సుమతి పద్యమే తీసుకోండి. మకుటంలో కర్త పేరు లేదు, బద్దెన అని బయటి ఆధారంతో చెప్పుకుంటాం. ‘దానికి సంబంధించి’ అంటే అదీ.

నుగాగమం: బద్దెన అన్నదీ తేలిన మాట కాదు. పైగా పోయినవారికి ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తించదు.

యడాగమం: వేమన అయితే పేరు మకుటంలోనే పెట్టాడు. కాకపోతే ‘వినుర వేమ’లో చెప్పేదెవరు, వినేదెవరు?

బండి ఱ: తనకు తానే చెప్పుకున్నాడనుకుంటానండీ. విశ్వద, అభిరామ కథలు తర్వాత అల్లినవేనంటారు.