1987 టాప్స్ బేస్‌బాల్ కార్డుల వెనక మైనపు మరకలు పోవట్లేదు

టాప్స్ అనే అమెరికా కంపెనీ అచ్చేసిన, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న 792 కార్డుల సెట్టు, చెక్కరంగు అంచులది. కుప్పలుగా అచ్చయింది కాబట్టి చవకే, అందుకే ప్రతి కార్డూ శుభ్రంగా ఉంటేనే సెట్టుకు విలువ. కార్డులు వచ్చిన ప్యాకెట్ కాగితానికి పూసిన మైనం 14 కార్డులకు అంటింది. ముందువైపు నున్నగా ఉంటుంది, నైలాన్ మేజోడుతో మెల్లగా 20 సార్లు రుద్దితే పోయింది. వెనకవైపు పూతలేని అట్ట, మైనాన్ని పీల్చేసుకుంది. 320వ నంబరు బారీ బాండ్స్ కార్డు మీద పావలా బిళ్లంత మరక, నూనె చుక్క పడ్డట్టు.

2 గంటలు ఫ్రీజర్‌లో పెట్టి ప్లాస్టిక్ ముక్కతో గీకితే పైపొరే రాలింది. బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి హెయిర్ డ్రయర్ తక్కువ వేడి 3 నిమిషాలు పట్టాను: మరక పలచబడింది గానీ ఇంకా వెడల్పయింది, ఒక కార్డు వంగింది కూడా. అచ్చు కరుగుతుందని ద్రావకాల జోలికి పోలేదు.

అట్టలోకి ఇంకిన మైనాన్ని అచ్చు చెదరకుండా, కార్డు వంగకుండా బయటికి లాగడం ఎలా?