విజయవాడ ఇంట్లో ఆకుకూరలకు హైడ్రోపోనిక్సా, మట్టా?

భవానీపురం నివాసి:
మా పై అంతస్తులో ఉత్తరం వైపు ఒక గది, దాని ముందు డాబా ఖాళీగా ఉన్నాయి. ఏడాది పొడవునా ఇంటికి సరిపడా ఆకుకూరలు, వీలైతే నలుగురికి అమ్మేంత లెట్యూస్ (సలాడ్‌లో వాడే ఆకు) పండించాలని ఉంది. పైపుల హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచే పద్ధతి) అమ్మేవారు మట్టి బెడద ఉండదనీ, దిగుబడి పది రెట్లు వస్తుందనీ చెబుతున్నారు. మా నాన్నగారు మాత్రం కుండీల్లో మట్టి నింపుకుంటే చాలునంటున్నారు. ఏది మేలో తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

పటమట మిద్దెతోట:
పది రెట్ల మాట పూర్తిగా కల్పితం కాదండీ. 2015లో అమెరికాలోని అరిజోనాలో లెట్యూస్ సాగుపై వేసిన ఒక లెక్క ప్రకారం, చదరపు మీటరుకు ఏడాదికి పొలంలో 3.9 కిలోలు వస్తే హైడ్రోపోనిక్స్‌లో 41 కిలోలు వస్తాయి. కిలోకు నీరు కూడా 250 లీటర్లకు బదులు 20 లీటర్లే సరిపోతుంది. అమ్మకందారులు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. అదే లెక్కలో కిలోకు అయ్యే శక్తి ఖర్చు 1,100 కిలోజౌళ్ల నుంచి 90,000 కిలోజౌళ్లకు పెరిగింది. కరెంటు యూనిట్లలో చెప్పాలంటే అది 25 యూనిట్లు. గ్రీన్‌హౌస్‌ను చల్లగానో వెచ్చగానో ఉంచడానికే అందులో సింహభాగం పోయింది.

మన ఊరికి సంబంధించిన అసలు చిక్కు కూడా చల్లదనమే. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది; 35 డిగ్రీల నీటిలో అది 7కు పడిపోతుంది. అదే సమయంలో వేళ్ల శ్వాసక్రియ మాత్రం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది కనుక, వేరు ఎక్కువ ఆక్సిజన్ అడిగే వేళకే నీరు తక్కువ ఇస్తుంది. అలా నీరసించిన వేళ్లను పితియం అనే బూజులాంటి సూక్ష్మజీవి పట్టుకుంటుంది. నారుమడిలో నారును కుళ్లబెట్టేది కూడా ఇదే. నీరు తిరుగుతూ ఉండే పైపుల్లో ఒక మొక్కకు సోకిన తెగులు మిగతా మొక్కలన్నిటికీ చేరడానికి ఎంతో సమయం పట్టదు. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే డాబా మీద సన్నని పీవీసీ పైపులో నీటి వేడి ఎంత ఉంటుందో మధ్యాహ్నం రెండు గంటలకు మీరే థర్మామీటరు పెట్టి చూసుకోవచ్చు. లోతైన కుండీలో మట్టి అంత త్వరగా వేడెక్కదు, పైన ఎండుటాకులు కప్పితే ఇంకా నిదానిస్తుంది. తోటకూర, గోంగూర, బచ్చలి ఎలాగూ ఎండకు అలవాటుపడ్డవే. అందుచేత ఏడాది పొడవునా కూర కావాలంటే నా ఓటు మట్టికే.

బ్రాడీపేట, గుంటూరు:
ఎయిర్ కండిషనింగ్ ఉన్న గ్రీన్‌హౌస్ లెక్కను షేడ్ నెట్ కింద పెట్టే నాలుగు ట్రేలకు వర్తింపజేయడం న్యాయం కాదు. మట్టివైపు లెక్కలో మీరు వదిలేసింది బరువు. తడిసిన మట్టి ఘనమీటరుకు సుమారు 1.7 టన్నులు తూగుతుంది. 20 సెంటీమీటర్ల మడి కట్టినా చదరపు మీటరుకు 340 కిలోలు పడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారానికే లెక్కిస్తారు. పది సెంటీమీటర్ల నీటి ట్రే అయితే వంద కిలోలతో పోతుంది. పైగా మా వైపు దొరికేది నల్లరేగడి. కుండీలో అది తడిస్తే జిగటగా ముద్దకడుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది.

కరెంటు పోతే ఎలా అన్న భయం కూడా అన్ని పద్ధతులకూ ఒకేలా వర్తించదు. పైపుల్లో పలుచగా నీరు పారించే పద్ధతిలో మోటారు ఆగితే వేసవి మధ్యాహ్నం కొద్ది గంటల్లోనే మొక్కలు వాలిపోతాయి, నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఎవరూ మరచిపోలేదు. కానీ హవాయి విశ్వవిద్యాలయంలో క్రాట్కీ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతిలో మోటారే లేదు: మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, పైన తేలిన వేళ్లు గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు లెట్యూస్‌కు ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

గుణదల:
ఇద్దరూ నీటి నాణ్యతను పక్కన పెట్టారు. హైడ్రోపోనిక్స్‌లో నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5, 6.5 మధ్య నిలవాలి. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువైతే ఆమ్లం కలిపి దించిన పీహెచ్ మళ్లీ పైకి ఎక్కుతుంది, అప్పుడు ఇనుము అందక లేత ఆకులు పసుపుబారుతాయి. లెట్యూస్ ద్రావణానికి ఈసీ (నీటిలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత, సెంటీమీటరుకు మిల్లీసీమెన్స్‌లలో) ఇంచుమించు 1.2 నుంచి 1.8 వరకు ఉంటే చాలు. బోరు నీటికే 1 ఉంటే పోషకాలకు మిగిలే చోటు ఎంత? మట్టిలోనైతే జీవపదార్థం ఈ హెచ్చుతగ్గులను కొంత సర్దుతుంది. పోషకాలు రెండు డబ్బాలుగా అమ్మడం వ్యాపార చమత్కారమని కొందరు అనుకుంటారు కానీ, కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లతో, ఫాస్ఫేట్లతో చిక్కగా కలిపితే అడుగున సున్నంలా పేరుకుపోతుంది.

భవానీపురం నివాసి:
మరి ఆ గదిలో లైట్లు పెట్టి పెంచితే ఈ ఎండ గొడవ ఉండదు కదా?

పటమట మిద్దెతోట:
లెట్యూస్‌కు రోజుకు చదరపు మీటరుకు 14 మోల్‌ల కాంతి (మొక్కకు అందే కాంతి కణాల కొలత; మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్‌లు) కావాలనుకోండి. మంచి ఎల్ఈడీ ఒక్కో జౌలుకు 2.5 మైక్రోమోల్‌లు ఇస్తుందనుకుంటే, రోజుకు ఒకటిన్నర యూనిట్లు, నెలకు 45 యూనిట్ల పైమాట. ఇది ఒక్క చదరపు మీటరుకే. ఆ కరెంటంతా చివరకు గదిలో వేడిగానే మిగులుతుంది కనుక వేసవిలో ఏసీ ఖర్చు దీనిపై అదనం. రైతుబజారులో దొరికే తోటకూర కోసం ఎవరూ చేయవలసిన పని కాదు. హోటళ్లు ముందుగా కొంటామని చెప్పిన లెట్యూస్‌కైతే ఆలోచించవచ్చు.

బరువు విషయంలో బ్రాడీపేట వారి మాటతో ఏకీభవిస్తాను. మడులు కట్టవద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సగానికి పైగా కలిపిన గ్రో బ్యాగులను గోడలు, బీములు ఉన్న చోట వరుసగా పెట్టుకుంటే భారం బాగా తగ్గుతుంది, నల్లరేగడితో పేచీ కూడా ఉండదు.

బ్రాడీపేట, గుంటూరు:
వేసవిని కూడా అంత తేలికగా వదులుకోనక్కరలేదు. పైపులకు నీరు పంపే ట్యాంకుకు థర్మోకోల్ చుట్టి, తెల్ల రంగు వేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు వేస్తే నీరు చల్లబడుతుంది.

పటమట మిద్దెతోట:
థర్మోకోల్, తెల్ల రంగు తప్పక చేయదగినవే. సీసాల లెక్క మాత్రం ఒకసారి చూడండి. 200 లీటర్ల ట్యాంకును 35 నుంచి 27 డిగ్రీలకు దించడానికి సుమారు 15 కిలోల మంచు కావాలి, అదీ ఒక్కసారి దించడానికే. ఆ నీరు ఎండలో ఉన్న పైపుల్లో తిరిగి వచ్చేసరికి మళ్లీ వేడెక్కుతుంది. ఇంటి ఫ్రిజ్ రోజూ అంత మంచు ఇవ్వగలిగితే నాకు అభ్యంతరం లేదు.