ఎలక్ట్రాన్, ప్రోటాన్ కలిసి కదలడమంటే హైడ్రోజన్ పరమాణువు కదలడమేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ రెండో సెమ్)

అందరికీ నమస్తే. డిగ్రీలో మైటోకాండ్రియా పాఠంలో ఎలక్ట్రాన్లు ఒక దారిన ఆక్సిజన్ దాకా పోతాయని, ప్రోటాన్లు పొర దాటి అవతలికి వెళ్తాయని రెండు వేర్వేరు బాణాలు గీయించారు. మూడేళ్లు అదే బొమ్మ గీశాను. ఇప్పుడేమో ప్రోటాన్ కపుల్డ్ ఎలక్ట్రాన్ ట్రాన్స్‌ఫర్ అనే టాపిక్ ఇచ్చారు, రెండూ జంటగా కదులుతాయట. ప్రోటాన్ 1836 రెట్లు బరువు కదా, అంత తేలికైన ఎలక్ట్రాన్‌తో కలిసి ఎలా నడుస్తుంది? పోనీ నడిచిందే అనుకుందాం, అప్పుడది మామూలు హైడ్రోజన్ పరమాణువే కదా, దానికి ఇంత పెద్ద పేరెందుకు? వచ్చే వారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (స్పెక్ట్రోస్కోపీ ల్యాబ్)

"కలిసి" అంటే ఒకే చోటికి అనుకుంటున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని చూడండి. మామూలుగా తన ఓహెచ్‌లోని ప్రోటాన్‌ను అంత తేలిగ్గా వదలదు, పీకేఏ (ఎంత తక్కువైతే ప్రోటాన్‌ను అంత తేలిగ్గా వదులుతుందని చెప్పే అంకె) 10 దగ్గర ఉంటుంది. దాన్నుంచి ఒక్క ఎలక్ట్రాన్ లాగితే ఆ పీకేఏ సుమారు −2కి పడిపోతుంది, ఇక ప్రోటాన్‌ను పట్టి ఉంచే శక్తి దానికి ఉండదు. ఇంకోలా చెప్తే, ప్రోటాన్‌ను అందుకోవడానికి పక్కన ఎవరూ లేకపోతే ఎలక్ట్రాన్‌ను లాగడానికి చాలా శక్తి కావాలి.

ఆకుల్లో వెలుతురును పట్టే ప్రోటీన్ల గుంపు, ఫోటోసిస్టమ్ 2లో జరిగేది ఇదే. వెలుతురు పడి అందులోని పీ680 అనే క్లోరోఫిల్ ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే టైరోసిన్ 161 (ప్రోటీన్ గొలుసులో 161వ స్థానంలోది) తన ఎలక్ట్రాన్‌ను దానికి ఇస్తుంది, ప్రోటాన్ మాత్రం ఇంకో పక్కనున్న హిస్టిడిన్ 190 అనే మరో అమైనో ఆమ్లం మీదికి జరుగుతుంది. ఇచ్చేది ఒకటే, పుచ్చుకునేవి రెండు. హైడ్రోజన్ పరమాణువైతే రెండూ ఒకచోటికే చేరాలి కదా. ఎలక్ట్రాన్ పది ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్లవ వంతు) కూడా దాటేస్తుంది, ప్రోటాన్ పక్కింటి దాకా, ఒక ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ, అంతే. బరువు సంగతంటారా, ఒకదాన్ని ఇంకొకటి మోసుకుపోవడం లేదు. చుట్టూ ఉన్న ప్రోటీన్, నీళ్లు కదులుతూ కదులుతూ ఒక క్షణం అనువుగా అమరుతాయి, ఆ అమరికలో రెండూ టన్నెలింగ్‌తో, అంటే శక్తి అడ్డుగోడ ఎక్కకుండానే దాన్ని దాటి, చోటు మారతాయి.

జవాబు 2 (కెమిస్ట్రీ లెక్చరర్)

తమ్ముడూ, దీన్ని వంటింట్లోనే చూడొచ్చు. వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది, అందుకేగా ఉప్పునీళ్లలో వేస్తాం. కోసినచోట ఒక ఎంజైమ్ వంకాయలోని క్లోరోజెనిక్ ఆమ్లం నుంచి రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు తీసేస్తుంది, అవి ఆక్సిజన్‌కు చేరి నీరవుతాయి. అలా పోగొట్టుకుని మిగిలిన అణువులే క్వినోన్లు, అవి ఒకదానికొకటి అతుక్కుంటే ఆ నలుపు. నిమ్మరసం పిండితే ఆమ్లం ఎంజైమ్‌ను నెమ్మది చేస్తుంది, అందులోని విటమిన్ సి పోయిన ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ క్వినోన్‌కు తిరిగి ఇస్తుంది. ఒకసారి బాగా నల్లబడ్డాక మాత్రం రంగు వెనక్కి రాదు.

ఇంకోటి కూడా చెయ్యి. గ్లాసు నీళ్లలో గాయాలకు రాసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు వేసి నిమ్మరసం పిండు, గోధుమరంగు కళ్లముందే పోతుంది. ఇక్కడ విటమిన్ సి ఎలక్ట్రాన్లు అయోడిన్‌కు వెళ్లాయి, ప్రోటాన్లు నీళ్లలోకి వెళ్లాయి. బయల్దేరడం ఒకచోటి నుంచే, చేరింది మాత్రం వేర్వేరు చోట్లకు.

ఇక నీ మైటోకాండ్రియా. దాని పొరలో ఉండే యుబిక్వినోన్ కూడా వంకాయలోలాంటి క్వినోనే. పొరకు ఒకవైపు రెండు ఎలక్ట్రాన్లూ రెండు ప్రోటాన్లూ తీసుకుని, పొరలోనే ఈదుకుంటూ అవతలికి వెళ్లి ప్రోటాన్లను అక్కడ వదిలేస్తుంది, ఎలక్ట్రాన్లు వాటి దారిన అవి పోతాయి. బయోకెమిస్ట్ పీటర్ మిచెల్ 1975లో చెప్పిన క్యూ సైకిల్ ఇదే. నువ్వు గీసిన రెండు బాణాలూ కలిసే చోటు ఇక్కడుంది, ఆ బొమ్మలో దీన్ని చూపించకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

జవాబు 3

ఒక మాట చేర్చాలి. ముందు ఎలక్ట్రాన్, తర్వాత ప్రోటాన్ అని వరుసగా పోవడం వేరు, ఒకే అడుగులో రెండూ పోవడం వేరు. సెమినార్‌లో తప్పకుండా అడుగుతారు. సోయాచిక్కుడులోని లైపాక్సిజనేస్ అనే ఎంజైమ్ ఉదాహరణ చెప్పండి: కొవ్వు ఆమ్లం నుంచి ఎలక్ట్రాన్ ఇనుముకు, ప్రోటాన్ ఆ ఇనుముకున్న హైడ్రాక్సైడ్‌కు ఒకే అడుగులో చేరతాయి. అక్కడ హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (రెట్టింపు బరువున్న హైడ్రోజన్) పెడితే గది ఉష్ణోగ్రత దగ్గర వేగం దాదాపు 80 రెట్లు తగ్గుతుంది. మామూలు లెక్కల ప్రకారం 7 రెట్లు తగ్గితేనే ఎక్కువ. ప్రోటాన్ అడ్డుగోడ ఎక్కి దిగడం లేదు, టన్నెలింగ్‌తో దాటుతోందని అంత బలంగా నమ్మడానికి కారణం ఇదే. బయోకెమిస్ట్ జూడిత్ క్లిన్‌మన్ ఏళ్ల తరబడి ఈ ఎంజైమ్ మీద పనిచేశారు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. అయోడిన్ ఇప్పుడే చేసి చూశాను, అరచెక్క నిమ్మకాయకే నీళ్లు తేటపడ్డాయి. బొమ్మ మళ్లీ గీస్తున్నాను. క్యూ సైకిల్ నడిచే ప్రోటీన్ల గుంపు, కాంప్లెక్స్ 3లో క్వినోన్ ప్రోటాన్లు తీసుకునేది మాట్రిక్స్ (మైటోకాండ్రియా లోపలి భాగం) వైపేనా?

జవాబు 2

అవును, మాట్రిక్స్ వైపు నుంచి 2 తీసుకుంటుంది, సైకిల్ పూర్తయ్యేసరికి అవతలి వైపు 4 వదులుతుంది. ఆ మిగతా రెండూ ముందే క్వినోల్‌తో (ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ తీసుకున్న క్వినోన్) వచ్చినవి, బొమ్మలో వాటిని కూడా గీయి.