ఉక్రెయిన్ రంగస్థల కళాకారుల పాత ఛాయాచిత్రాలకు రంగులు అద్దవచ్చునా?

రంగస్థలమిత్ర:
మా నాటక సమాజం మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు, ఉక్రెయిన్ నాటకరంగం మీద ఒక ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టబోతోంది. పంతొమ్మిదో శతాబ్దపు మహానటి మరియా జాంకోవెత్స్కా మొదలుకొని, 1922లో కీవ్‌లో లెస్ కుర్బాస్ స్థాపించిన బెరెజిల్ నాటక సంస్థ నటీనటుల వరకు, మాకు దొరికినవన్నీ నలుపు తెలుపు చిత్రాలే. సభ్యులలో ఒకరు వాటిలో కొన్నింటికి కంప్యూటర్‌లో రంగులు అద్దించి తెచ్చారు. కొందరు ముచ్చటపడ్డారు, కొందరు ససేమిరా అన్నారు.

నాకు మాత్రం రంగుల చిత్రాలే పెట్టాలని ఉంది. కళాశాల విద్యార్థులు బూడిదరంగు బొమ్మల ముందు నిలబడరు; అదే ముఖానికి రంగు వస్తే ఈమె ఎవరని అడుగుతారు. 1957 నాటి మాయాబజార్‌ను 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు మన వాళ్ళు థియేటర్లకు వెళ్ళి చూశారు కదా. పైగా ఆ కాలపు స్టూడియోల వారే పోస్టుకార్డులకు చేత్తో రంగులు పూసి అమ్మేవారు. అప్పుడు లేని తప్పు ఇప్పుడు ఎలా వచ్చింది? పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నేపథ్యం:
మిత్రమా, మీ ఉద్దేశం మంచిదే కానీ మీ పద్ధతితో నేను ఏకీభవించలేను. జాంకోవెత్స్కా చిత్రాన్నే తీసుకుందాం.

1876లో రష్యా జారు ప్రభుత్వం ఉక్రేనియన్ భాషలో నాటకాలు ఆడడాన్ని నిషేధించింది. 1881లో ఆ నిషేధం కొంత సడలిన తరువాత, మరుసటి ఏడాదే మార్కో క్రొపివ్నిత్స్కీ బృందంతో యెలిసావెత్‌గ్రాద్‌లో ఆమె వృత్తినటిగా రంగప్రవేశం చేశారు. వేసిన పాత్ర ఇవాన్ కొత్ల్యారెవ్‌స్కీ నాటకంలోని నతాల్కా, పొల్తావా ప్రాంతపు పేద పల్లెపడుచు. ఆనాటి ప్రేక్షకుడికి ఆమె తొడిగిన కుట్టుపని రవిక, మెడలోని పూసలు, తలపై పూలదండ కేవలం అలంకారాలు కావు. ఏ ప్రాంతపు పిల్లో, పెళ్ళయినదో కానిదో వేషమే చెప్పేది.

ఇక రంగు సంగతి. ఆ కాలపు గాజు ప్లేట్లు నీలి కాంతికి ఇట్టే స్పందించేవి, ఎరుపుకు దాదాపు స్పందించేవే కావు. అందువల్ల ఎర్రదారం ఫోటోలో నల్లదారంలా పడుతుంది, లేతనీలం తెలుపులో కలిసిపోతుంది, పగడాల దండ బొగ్గుపూసల్లా కనబడుతుంది. పొల్తావా కుట్టుపనికి పేరు తెచ్చిందేమో తెల్లబట్ట మీద తెల్లదారం. లేతనీలం, బూడిదరంగు దారాలూ వాడతారు. అంటే ఫోటోలో తెల్లగా ఉన్నచోట నిజంగా తెలుపు ఉందో లేతనీలం ఉందో, నల్లగా ఉన్నచోట ఎరుపు ఉందో నలుపు ఉందో ఆ చిత్రమొక్కటే చూసి ఎవరూ తేల్చలేరు. కంప్యూటర్ మాత్రం క్షణంలో తేల్చేస్తుంది. ఉక్రేనియన్ చొక్కా అనగానే ఎరుపు అద్దుతుంది, ఎందుకంటే అది నేర్చుకున్న వేల బొమ్మల్లో అదే ఎక్కువ. ఫలితంగా పొల్తావా పిల్ల వేషం ఏ ప్రాంతానిదీ కాకుండా పోతుంది. నాటకంలో ఆ వేషానికి ఉన్న అర్థమే చెడిపోయాక, విద్యార్థి నిలబడి చూసేది ఏమిటి?

ఆనాటి పోస్టుకార్డుల వాదన బరువైనదే, దానికీ జవాబు చెప్పాలి. కుంచెతో పూసిన రంగు పూసినట్టే కనిపిస్తుంది. గీత దాటిన గులాబీరంగు చెంపను చూసి ఎవరూ మోసపోరు. ఇప్పటి రంగు చర్మం కిందనుంచి వచ్చినట్టుంటుంది. చూసినవాడు దాన్ని సాక్ష్యంగా నమ్ముతాడు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

ఛాయాలేఖ:
నేపథ్యం గారు జాంకోవెత్స్కా విషయంలో చెప్పినది సమంజసం. అయితే అదే సూత్రాన్ని బెరెజిల్ చిత్రాలకు వర్తింపజేస్తే మరో రకమైన అన్యాయం జరుగుతుందని మనవి చేస్తున్నాను. బెరెజిల్ ప్రధాన రూపశిల్పి వదీమ్ మెల్లర్ చిత్రకారుడు. ఆయన రంగస్థల నమూనాకు 1925లో పారిస్ అలంకరణ కళల అంతర్జాతీయ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. కుర్బాస్‌తో అంతకుముందు పనిచేసిన అనతోల్ పెత్రిత్స్కీ వేషరచనలు 1929లో ఖార్కివ్‌లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. 1928లో అక్కడి ఒపేరా ప్రదర్శించిన తురాందోత్ కోసం ఆయన గీసిన వేషాలను చూస్తే కళ్ళు చెదురుతాయి. అలాంటి రంగస్థలాన్ని నేటి పాఠకుడు నలుపు తెలుపు ఫోటోల్లోనే చూస్తుంటే, అదంతా ఏదో నిరాడంబరమైన, చీకటి కళ అనే భ్రమలో పడతాడు. ఆ భ్రమ కూడా అసత్యమే కదా. రంగుల రూపరచన చేతిలో ఉన్నప్పుడు, దాని ఆధారంతో ఫోటోకు రంగు వేయడం ఊహ కాదు, పునర్నిర్మాణం. శిథిల దేవాలయాన్ని పాత కొలతల ప్రకారం నిలబెట్టడానికి మనం సమ్మతిస్తున్నాం కదా.

నేపథ్యం:
ఛాయాలేఖ గారూ, ఆ కళ చీకటిది కాదన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే రూపరచన వేరు, కుట్టిన వేషం వేరు. నాటకాలు వేసే మనకు అది తెలియనిది కాదు: కాగితం మీద కాషాయం గీస్తాం, బజారులో దొరికిన గుడ్డ తెస్తాం, దీపం కింద అది మరో రంగుగా మారుతుంది. అందుకే రూపరచనను రూపరచనగానే పక్కన వేలాడదీయండి. 2022 నవంబరులో, కీవ్ మీద క్షిపణులు పడుతున్న రోజుల్లోనే, ఉక్రెయిన్ ఆధునిక కళాఖండాలను మాడ్రిడ్‌కు తరలించి ప్రదర్శించినప్పుడు వాటిలో ఈ రంగస్థల రూపరచనలూ ఉన్నాయి. రంగు చూపించడానికి అసలు వస్తువులే ఉండగా ఫోటోను ముట్టుకోవడం ఎందుకు?

ఇంకో సంగతి గమనించండి. 1923లో కుర్బాస్ ప్రయోగించిన జిమ్మీ హిగిన్స్ నాటకంలో అంవ్రోసీ బుచ్మా ప్రధాన పాత్ర ధరించాడు. అందులో నటుల నటనతోపాటు సినిమా దృశ్యాలను కూడా తెరమీద ప్రదర్శించారు. ఆ సాయంత్రం ప్రేక్షకులు రంగుల వేదికను, నలుపు తెలుపు తెరను ఒకేసారి చూశారు. ఆ రెంటి మధ్య తేడా దర్శకుడు బుద్ధిపూర్వకంగా పెట్టినది. యంత్రానికి ఆ తేడా తెలియదు, అన్నింటికీ ఒకే పూత పూస్తుంది.

కుడ్యచిత్రకారుడు మిహైలో బొయ్‌చుక్ సంగతి మరీ బాధాకరం. ఆయనా, ఆయన శిష్యులూ ఒదేసా దగ్గరి రైతు ఆరోగ్యాశ్రమంలోను, ఖార్కివ్‌లోని చెర్వొనొజవోద్‌స్కీ నాటకశాలలోను వేసిన కుడ్యచిత్రాలను సోవియట్ అధికారులు ధ్వంసం చేశారు. 1937 జులై 13న ఆయనతోపాటు ఇవాన్ పదాల్కా, వసీల్ సెద్ల్యార్‌లను కాల్చి చంపారు. ఆ గోడలు ఎలా ఉండేవో చెప్పడానికి నేడు మిగిలినవి ప్రధానంగా నలుపు తెలుపు ఛాయాచిత్రాలే. వాటికి రంగు వేయడమంటే చనిపోయిన చిత్రకారుడి పేరుతో కొత్త చిత్రం గీయడమే. దేవాలయానికి కొలతలు ఉంటాయి, ఛాయాలేఖ గారూ. పోయిన రంగుకు కొలత లేదు.

కుర్బాస్‌ను 1933 డిసెంబరులో అరెస్టు చేశారు. 1937 నవంబరు 3న కరేలియాలోని సందర్మోఖ్ అడవిలో, నాటకకర్త మికోలా కులిష్‌ను కాల్చిన రోజే, ఆయననూ కాల్చారు. 1957లో నిర్దోషిగా ప్రకటించేవరకు ఆయన పేరు బాహాటంగా ఎత్తడమే కష్టం. అటువంటి ఏళ్ళన్నీ దాటుకుని మన దాకా వచ్చిన ఫోటో మీద గీతలు, మడతలు, వెలిసిన అంచులు కూడా చరిత్రలో భాగమే అని నేను నమ్ముతున్నాను. రంగు వేసేవారు మొదట తుడిచేది వాటినే.

ఛాయాలేఖ:
బొయ్‌చుక్ కుడ్యచిత్రాల విషయంలో మీ మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. వాటికి రంగు వేయరాదు. ఖెర్సోన్ కళా సంగ్రహాలయం నుంచి 2022లో రష్యన్ సైన్యం తరలించుకుపోయిన వేల కళాఖండాలలో కొన్నింటిని, రష్యా ఆక్రమణలోని క్రిమియా నగరం సింఫెరోపోల్‌లో తీసిన ఫోటోలలో చూసి ఆ సంగ్రహాలయ సిబ్బంది గుర్తుపట్టగలిగారు. ఫోటో సాక్ష్యమయ్యే చోట దాన్ని కదిలించకూడదు. అయినా నటుల చిత్రాలలో, అసలు ప్రతిని పక్కనే ఉంచి, ఒక రంగుల ప్రతిని చూపడంలో తప్పు లేదనే నా అభిప్రాయం. ప్రదర్శన చూడవచ్చేవారు పరిశోధకులు కారు.

రంగస్థలమిత్ర:
ఇద్దరికీ ధన్యవాదాలు. గోడ మీద అన్నీ అసలు రూపంలోనే ఉంచుతాం. బెరెజిల్ ఫోటోల పక్కన మెల్లర్, పెత్రిత్స్కీ రూపరచనల రంగుల ముద్రణలు పెడతాం. జాంకోవెత్స్కా రంగుల ప్రతిని మాత్రం ఒకటి వేరే బల్ల మీద, "ఈ రంగులు ఊహించినవి" అనే చీటీతో ఉంచుదామని సమాజం కోరుతోంది. పిల్లలు దాని దగ్గర ఆగుతారనే నమ్మకం నాకు ఇప్పటికీ ఉంది.

నేపథ్యం:
పెట్టక తప్పదంటే ఒక్క విన్నపం. ఆ మాటను విడి చీటీ మీద కాకుండా బొమ్మలోనే, ముఖం పక్కన, కత్తిరించడానికి వీలులేని చోట ముద్రించండి. చూడవచ్చినవారు ఫోన్‌తో ఫోటో తీసుకుని పదిమందికి పంపుతారు. చీటీ బల్లమీదే ఉండిపోతుంది. కుట్టుపని రంగు తెలియదనే సంగతిని కూడా అందులో ఒక్క వాక్యంలో చేర్చండి.