ఎండబెట్టిన అన్నం వేడినీళ్లకు మెత్తబడట్లేదు, ఏం చేయాలి?

మాది నల్గొండ. తమ్ముడు అమెరికాలో స్నేహితులతో కలిసి సెస్నా 172 అద్దెకు తీసుకుని ఐడహో కొండల్లోని జాన్సన్ క్రీక్‌లో క్యాంపింగ్‌కు వెళ్తున్నాడు. అంత చిన్న విమానంలో గుడారం, పరుపు, తిండి, చివరికి మనుషులను కూడా బరువు చూసుకునే ఎక్కిస్తారట. అందుకే తిండి పొడిగా, తేలిగ్గా ఉండాలి. వేడినీళ్లు పోస్తే చాలు, పులిహోర అయిపోవాలి. ఇక్కడ పద్ధతి కుదిరితే వాడు అక్కడే చేసుకుంటాడు.

మిర్యాలగూడ సన్నబియ్యం పలుకుగా వండి, మిద్దె మీద గుడ్డ పరిచి రెండు ఎండలు ఎండబెట్టాను. గ్లాసు అన్నానికి గ్లాసున్నర మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు ఉంచినా మెతుకు నడిమధ్య గట్టిగానే ఉంది. మెత్తగా వండి ఎండబెడితే వడియంలా ఉండ కట్టింది. ముందు చన్నీళ్లలో నానబెట్టి మరిగిస్తే బాగానే ఉంది కానీ ఎనిమిది నిమిషాలు మంట కావాలి, గ్యాస్ డబ్బా కూడా బరువే కదా. పైగా అక్కడ దాదాపు 5,000 అడుగుల ఎత్తు, నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పులిహోర పొడితో ఇబ్బంది లేదు. అటుకులు వాడమనకండి, వాడికి విసుగొచ్చేసింది.

అన్నం ఎలా వండి, ఎలా ఎండబెడితే మరిగించకుండా, వేడినీళ్లు పోసిన పది నిమిషాల్లో లోపలిదాకా మెత్తబడుతుంది?