నెలల పిల్లల గుండె ఆపరేషన్లలో కఫ్ ట్యూబా, కఫ్ లేనిదా?

మత్తుడాక్టర్_వైజాగ్:
3 కిలోలు దాటిన పాపకి బైపాస్ (గుండె, ఊపిరితిత్తుల పని యంత్రం చేసే) కేసులో ఇంకా కఫ్ (శ్వాస ట్యూబ్ చుట్టూ గాలితో ఉబ్బే బెలూన్) లేని 3.5 మి.మీ. ట్యూబ్ ఎందుకండీ? 3.0 మైక్రోకఫ్ (పలచటి కఫ్ ఉన్న ట్యూబ్) వేయండి. బైపాస్ తర్వాత ఊపిరితిత్తులు నీరు పట్టి బిగుస్తాయి. ప్రెషర్ పెంచితే గాలి ట్యూబ్ పక్కనుంచి పోతుంది, టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్ళే గాలి) అంకెలు నమ్మలేం. అప్పుడు ట్యూబ్ మార్చాలి, అదీ ఛాతీ మూయని పాపకి! 2009 నాటి యూరప్ ట్రయల్లో ఐదేళ్ళలోపు పిల్లలు 2,246 మంది. ట్యూబ్ మార్చింది కఫ్ ఉన్నవాళ్ళలో 2.1 శాతం, లేనివాళ్ళలో 30.8. స్ట్రైడర్ (ట్యూబ్ తీశాక గొంతు వాచి వచ్చే శ్వాస చప్పుడు) దాదాపు సమానం: 4.4, 4.7.

ఐసీయూ_రాత్రిడ్యూటీ:
సార్, అది ఆపరేషన్‌కి మత్తిచ్చిన పిల్లల లెక్క. వారం రోజులు వెంటిలేటర్ మీద, బీపీ అంతంతమాత్రంగా ఉన్న పాపకి కఫ్‌లో 20 సెం.మీ. నీటి ప్రెషర్ చాలు, క్రికాయిడ్ (గొంతు కింది ఉంగరం లాంటి మృదులాస్థి) దగ్గర పొరకి రక్తం అందదు. 4 మి.మీ. దారిలో చుట్టూ 1 మి.మీ. వాస్తే మిగిలేది పావు వంతే. పైగా 3.0లో 6 ఫ్రెంచ్ సైజు సక్షన్ గొట్టమే దూరుతుంది. చిక్కటి తెమడ లాగదు, ట్యూబ్ మూసుకుపోతుంది.

మత్తుడాక్టర్_వైజాగ్:
తెమడ మాట ఒప్పుకుంటా, హ్యుమిడిఫయర్ (గాలికి తేమ చేర్చేది) సరిగ్గా నడవాల్సిందే. ప్రెషర్ మాత్రం కఫ్ తప్పు కాదు, కొలవనివాళ్ళ తప్పు. బైపాస్‌లో బాడీ చల్లబరిస్తే కఫ్ ప్రెషర్ పడిపోతుంది. లీక్ వినిపించి ఎవరో గాలి ఎక్కిస్తారు. మళ్ళీ వేడి చేసేసరికి అదే గాలి ఉబ్బుతుంది. టీఈఈ ప్రోబ్ (అన్నవాహికలోంచి గుండెని చూసే స్కాన్ గొట్టం) దించినా పెరుగుతుంది. ఈ రెండింటి తర్వాత, ఐసీయూలో షిఫ్టుకోసారి మానోమీటర్ (ప్రెషర్ కొలిచే పరికరం) పెట్టండి. పైలట్ బెలూన్‌ని (కఫ్‌కి కలిసి బయట ఉండే చిన్న బుడగ) వేళ్ళతో నొక్కి చూడటం కొలత కాదు. లీక్ లేకుంటే అసలు గాలి ఎక్కించకండి.

ఈఎన్‌టీ_గుంటూరు:
ట్యూబ్ తీశాక వచ్చే ప్రతి చప్పుడూ ట్యూబ్ పుణ్యమే అనుకుంటున్నారు మీరిద్దరూ. ఆర్చ్ (గుండె నుంచి వచ్చే మహాధమని వంపు) రిపేర్, పీడీఏ (పుట్టాక మూసుకోని రక్తనాళం) కట్టిన పాపలో ఏడుపు బొంగురుగా, నీరసంగా ఉండి, పాలు పడితే పొలమారుతుంటే ముందు ఎడమ వోకల్ కార్డ్ (స్వరతంత్రి) చూడాలి. అక్కడి నరం ఆర్చ్ కిందుగానే తిరిగి పైకి వస్తుంది. డెక్సా (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఎన్ని డోసులిచ్చినా ఆ కార్డ్ కదలదు. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూత వస్తే ఎడమ బ్రాంకస్‌ని (ఎడమ ఊపిరితిత్తికి వెళ్ళే గాలి గొట్టం) ఏదో నొక్కుతుండొచ్చు. దానికి కావాల్సింది సీపాప్ (మాస్క్‌తో ఆగకుండా ప్రెషర్ గాలి), స్కోపీ (గొట్టం కెమెరాతో లోపల చూడటం). డయాఫ్రమ్ అల్ట్రాసౌండ్ వెంటిలేటర్ ప్రెషర్ మీద ఉండగా చేస్తే డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింది కండర పొర) పక్షవాతం దొరక్కపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ అయితే ట్యూబ్ అర సైజు తక్కువ, ఇందులో చర్చే లేదు.

ఐసీయూ_రాత్రిడ్యూటీ:
కార్డ్ సంగతి నిజమే మేడమ్. ఊపిరి లోపలికి లాగేటప్పుడు స్ట్రైడర్ ఉంటే మాత్రం 1:1000 అడ్రినలిన్ కిలోకి 0.5 మి.లీ., గరిష్ఠంగా 5 మి.లీ., నెబ్యులైజ్ చేస్తాం (ఆవిరిలా పీల్పిస్తాం). రెండు గంటల్లో పని తగ్గి వాపు తిరగబెట్టొచ్చు, కాబట్టి పాపని వెంటనే వార్డుకి పంపొద్దు. టెట్రాలజీ (పుట్టుకతో వచ్చే గుండె లోపం) రిపేర్ పిల్లల్లో మానిటర్ మీద రిథమ్ కూడా చూస్తుండాలి. డెక్సా, కిలోకి 0.5 మి.గ్రా. ఆరు గంటలకోసారి, ట్యూబ్ తీసే ముందురోజే మొదలెట్టాలి. తీశాక ఇస్తే ఆలస్యమే. కఫ్ గాలి తీసేసి 25 సెం.మీ. ప్రెషర్ దగ్గర లీక్ వింటాం. లీక్ లేదని ఎక్స్‌ట్యుబేషన్ (ట్యూబ్ తీయడం) ఆపం, పక్కన 2.5 ట్యూబ్ సిద్ధంగా పెట్టుకుంటాం. 3 కిలోల లోపు పాపకి మాత్రం నా ఓటు ఇప్పటికీ కఫ్ లేనిదానికే.