పళ్లు వస్తుంటే నీళ్ల విరేచనాలు అవుతాయా? పాపకు 14 నెలలు

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

నిన్న ఉదయం నుంచి పాపకు నీళ్ల విరేచనాలు, ఇప్పటికి తొమ్మిది. రాత్రి రెండు వాంతులు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. పై చిగురులో పన్ను తెల్లగా కనిపిస్తోంది కాబట్టి మా అత్తయ్యగారు ‘పళ్ల విరేచనాలే, పాలు ఆపు, అవే తగ్గుతాయి’ అంటున్నారు. మా ఆయన మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే ఆపిల్ రుచి డబ్బా ఇచ్చారట. పాప గటగటా తాగుతోంది, కాసేపటికే మళ్లీ అవుతోంది. విరేచనాలు కట్టే మాత్ర అరముక్క వేయమని కూడా షాపులో చెప్పారట. ధైర్యం చాలక వేయలేదు. బయట చూస్తే మే నెల ఎండ. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలా, రేపటిదాకా చూడవచ్చా?

జవాబు 1 (పటమట)

నాకు తెలిసింది చెబుతాను, నేను డాక్టరును కాను. పోయిన వేసవిలో మా వాడికీ ఇంతే. రెండో రోజు రాత్రి డైపర్ పొడిగా ఉంది. ‘అమ్మయ్య, కట్టేశాయి’ అనుకుని ఫ్యాను వేసుకుని హాయిగా పడుకున్నాం. విరేచనంతో పాటు మూత్రం కూడా ఆగిపోయిందని తట్టలేదు. తెల్లవారి లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూశాడు. ఏడ్చాడు కానీ కన్నీళ్లు లేవు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి నరం దొరక్క మూడు చోట్ల గుచ్చారు. ఆ పొడి డైపర్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

జవాబు 2 (కొత్తపేట, గుంటూరు. పిల్లల వార్డులో 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను)

పై అబ్బాయి చెప్పిందే అసలు సంగతి. అమ్మా, విరేచనాలు లెక్కపెట్టావు, మంచిదే. మూత్రం ఎన్నిసార్లు పోసింది? డైపర్‌లో రెండూ కలిసిపోతాయి, తెలియదు. ముందు అది విప్పి పాత నూలు చీర నాలుగు మడతలు వేసి దాని మీద పడుకోబెట్టు. ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మాడు గుంట పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా రేపటిదాకా ఆగకు. విరేచనంలో రక్తం, పచ్చటి వాంతి, తాగింది తాగినట్టే కక్కేయడం, పిలిస్తే పలకకుండా మత్తుగా ఉండటం అయితే ఎండా వానా చూడకుండా 108కి ఫోను చెయ్యి.

పన్ను సంగతి అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పు. పళ్లు వచ్చే వయసూ, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే. నింద పన్ను మీద పడుతుంది. పాలు ఆపవద్దు, తల్లిపాలు అసలే ఆపవద్దు. మెత్తటి పెరుగన్నం, అరటిపండు తింటే పెట్టు.

ఆ ఆపిల్ డబ్బా పక్కన పెట్టు. అందులో చక్కెర ఎక్కువ, అది పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆదేశించింది. దాని వెనుక హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని గారి ఏళ్ల పోరాటం ఉంది. నీకు కావాల్సింది పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. పాలసీసాలో చెంచాడు వేసి ‘కలిపాం’ అని వచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. 24 గంటలు దాటితే పారబోయి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా పట్టు. కట్టే మాత్ర ఇవ్వలేదు చూడు, అది చాలా మంచి పని. ఈ వయసుకు అది పనికిరాదు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

డైపర్ తీశాం. ఉదయం ఆరు నుంచి మూత్రం లేదు, ఇప్పుడు ఒంటిగంట. బయలుదేరుతున్నాం.

ప్రశ్న అడిగినవారు (మరుసటి రోజు)

సెలైన్ దాకా పోలేదు. పాప తొమ్మిది కిలోలు. కిలోకు 75 లెక్కన 675 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ నాలుగు గంటల్లో అక్కడే కూర్చోబెట్టి చెంచాతో పట్టించారు. పట్టి పట్టి నా చెయ్యి లాగేసింది. అత్తయ్యగారూ నేనూ వంతులు వేసుకున్నాం. ఐదింటికి అత్తయ్యగారి ఒడి తడిసింది. ‘పోసిందమ్మా!’ అని వార్డంతా వినపడేలా కేకేశారు. అందరూ తిరిగి చూశారు.

జవాబు 2 (కొత్తపేట, గుంటూరు)

సంతోషం. జింకు రాసి ఉంటారు. విరేచనాలు రెండు రోజుల్లో తగ్గినా 14 రోజులూ వెయ్యి.